తలుపు లోపలి గాలి

ఆ కంపెనీవాళ్లకి ప్రశ్నల జబ్బు ఉంది. దేశమంతా పెద్ద పెద్ద దుకాణాలున్న కంపెనీ అది, పేరెందుకు లెండి. బియ్యం నుంచి బనియన్ల దాకా అన్నీ ఒకే కప్పు కింద అమ్ముతారు. ఆ దుకాణాల్లో ఒక అర మీద మా పెనాలు కూడా ఉంటాయి. అట్ల పెనాలు, రొట్టెల పెనాలు, అన్నీ పోత ఇనుమువి. టాటానగర్ దగ్గర బిర్సానగర్‌లో మా ఇంటి వెనక షెడ్డులో మా ఆయన పోలరాజు వాటిని పోత పోస్తాడు.

పెనం కావాలంటే డబ్బిచ్చి కొనుక్కోవాలి గానీ, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి కావాలి చెప్పండి? వీళ్లకి కావాలి. ఏటేటా మా దేవిశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుని వాళ్లడిగిన వాటన్నిటికీ జవాబులు చెప్పాలి. దేవిశ్రీ మా ఒక్కగానొక్క కూతురు. చదువయ్యాక షెడ్డు వ్యవహారమంతా అదే చూసుకుంటోంది. తుక్కు ఇనుము ఎంత వాడారు, బట్టీకి బొగ్గు ఎంత పట్టింది, కరెంటెంత, నీళ్లెంత, అచ్చుల ఇసుక పారబోస్తున్నారా మళ్లీ వాడుతున్నారా, పెనాలు చుట్టేది ప్లాస్టిక్‌లోనా కాగితంలోనా. మొదటి ఏడు అది పైకి చదివి వినిపిస్తుంటే మా ఆయన టీ గ్లాసు ఠపీమని కింద పెట్టాడు.

"ఇవన్నీ సరే గానీ, పెనం ఎన్నాళ్లు మన్నుతాదో అడిగినారేటే?"

"పూఛా హై, పాపా. దస్ సాల్ లిఖ్ దూఁ?" అంది దేవిశ్రీ. మేము తెలుగులో అడిగితే అది హిందీలోనే చెబుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

"పదేళ్లేటి! నీ మనవలు అట్లేసుకుంటారని రాయ్!"

మేము నవ్వుకున్నాం గానీ, అబద్ధమెందుకు ఆడాలి, ఆ ప్రశ్నల వల్ల మాకు మేలే జరిగింది. కంపెనీ ఇంజనీరు ఒకాయన వచ్చి బట్టీకి మూత పెట్టించాడు. అచ్చుల ఇసుకని జల్లించి మళ్లీ వాడటం నేర్పాడు. బొగ్గు ఖర్చు తగ్గింది, షెడ్డు పక్కన ఇసుక గుట్ట మాయమైంది. ఇలా చెప్పినట్టు చేసినవాళ్లకి కంపెనీ ఒక రంగు ఇస్తుంది. ఆకుపచ్చ వస్తే పెనం మీద చిన్న ఆకు బొమ్మ అంటిస్తారు, దుకాణంలో కళ్లకెదురుగా ఉండే అరలో పెడతారు, పండగ ఆర్డరు పెద్దది ఇస్తారు. పసుపు వస్తే ఫరవాలేదు, ఉన్న ఆర్డరు ఉంటుంది. ఎరుపు వస్తే మాత్రం లోపం సరిదిద్దుకునేదాకా ఆర్డరు ఆగిపోతుంది. మాకు మొన్నటిదాకా పసుపే. ఈసారి ఆకుపచ్చ తప్పదని దేవిశ్రీ లెక్క కట్టింది. ఎదురుగా దీపావళి ముందొచ్చే ధన్‌తేరస్. ఆ రోజు ఈ ఉత్తరాది జనం అందరూ ఏదో ఒక లోహం సామాను కొని ఇంటికి తెచ్చుకుంటారు కదా. ఆ ఒక్క ఆర్డరు దొరికితే మా షెడ్డులో అచ్చులు కట్టే మనుషులందరికీ శీతాకాలమంతా చేతినిండా పని.

ఇక నా సంగతి. పోత పోసిన కొత్త పెనం మీద అట్టు వేస్తే చచ్చినా లేవదు. దానికి నూనె మప్పాలి. శుభ్రంగా తోమి, బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, బొగ్గుల కుంపటి మీద పెట్టి అవిసె నూనె పల్చగా రాయాలి. పొగ లేచి లేచి దానంతటదే ఆగాలి. ఉల్లిపాయ చెక్కతో రుద్ది మళ్లీ నూనె, మళ్లీ పొగ. చివరికి పెనం నేరేడుపండులా నిగనిగలాడుతుంది. ఆ పని నాది. మా పెరట్లో ఆ పనికి వేరే గది ఉంది, దానికి ఒకటే తలుపు. కిటికీ ఉండేది, మా అత్త ఇటుకలు పెట్టించి మూసేసింది.

మా అత్త టెక్కలి వైపు మనిషి. ఆవిడ చేత పెనం మప్పించుకోవడానికి ఊళ్లో ఆ చివరనున్న అగ్రికో క్వార్టర్ల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవారు. మొదటి నూనె తాగేటప్పుడు పెనం పురిటిబిడ్డతో సమానమనేది ఆవిడ. పరాయి కన్ను పడకూడదు. పడితే ఆ పెనం మీద అట్టు జన్మలో లేవదు. అందుకని పని జరిగినంతసేపూ తలుపు వేసి ఉండాలి, ఆ ఇంటి ఆడమనిషి తప్ప ఎవరూ లోపలికి రాకూడదు, మగవాళ్లు అసలే రాకూడదు. మా ఆయన దేవుడి మాటైనా దాటుతాడేమో గానీ తల్లి మాట దాటడు. ఆవిడ పోయాక కూడా ఆ గడప లోపల కాలు పెట్టలేదు. నేనూ ఆ తలుపు తెరిచి పని చేయలేదు. చేతికి వచ్చిన విద్య అది, దాని నియమం దానికుంటుంది.

పోయిన చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. మొదట జలుబనుకున్నాను. చలి పోయింది, దగ్గు పోలేదు. ఇంట్లో వినపడకుండా కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో దగ్గేదాన్ని. కూరగాయలకని అగ్రికో మార్కెట్టుకి వెళ్లి అక్కడ ఒక డాక్టర్ని చూశాను. పొగలో పని మానెయ్యమన్నాడాయన. మానకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు. మంచివాడే, మెల్లిగానే చెప్పాడు. ఇంటికి వచ్చి వంకాయ కూర వండాను, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, నేను లేస్తే ఆ పీట మీద కూర్చునేది నా కూతురే. ఇంటి ఆడమనిషి అంటే నా తరవాత అదే కదా. దాని ఊపిరి ఆ గదికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అందుకే నోరు మూసుకుని పని చేసుకుంటున్నాను. పైగా నేను దగ్గుతున్నానని మా ఆయనకి తెలిస్తే పెనాలూ వద్దు, కంపెనీ వద్దు అంటాడు. అంత మొండివాడు. అప్పుడు షెడ్డులో వాళ్లందరి గతేమిటి?

ఇలా ఉండగా వర్షాలు తగ్గిన రోజుల్లో కంపెనీ నుంచి హరికిరణ్ అనే అబ్బాయి వచ్చాడు. విజయనగరం కుర్రాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం. టాటానగర్ స్టేషన్‌లో దిగి సరాసరి మా ఇంటికే వచ్చాడు. బట్టీ చూశాడు, ఇసుక చూశాడు, మా ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. అన్నీ బాగున్నాయన్నాడు. తరవాత సంచిలోంచి అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉన్న తెల్లటి మిషన్ ఒకటి తీశాడు. దాని ముందు భాగంలో నీలం దీపం మిణుకుమిణుకుమంటోంది.

"రేపు పని చేసినంతసేపూ దీన్ని మీ భుజం దగ్గర తగిలించుకోండమ్మా. మీరు పీల్చే గాలిలో పొగ ఎంత ఉందో ఇది కొలుస్తుంది," అన్నాడు.

"ఇన్నాళ్లూ మా ఇసకనీ బొగ్గునీ కొలిసినారు. ఇప్పుడు మా ముక్కులు కూడా కొలుత్తారేటి బాబూ?"

అబ్బాయి నవ్వేశాడు. "ఈ ఏడాది నుంచి పని చేసేవాళ్ల ఊపిరికి కూడా మార్కులున్నాయమ్మా. గది ఒకసారి చూడొచ్చా?"

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. లోపల కుంపటి మీద పెనాలున్నాయి. మా ఆయన చేతులు జోడించినంత పని చేసి, "అది మా అమ్మ పెట్టిన నియమం బాబూ, ఏటీ అనుకోకు," అన్నాడు. ఆ అబ్బాయి బలవంతం చేయలేదు. ఎలాగూ మిషన్ కొలుస్తుంది కదా అని, మర్నాడు సాయంత్రం వస్తానని చెప్పి ఆదిత్యపూర్‌లో వేరే షెడ్డు చూడటానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఆ మిషన్ చేతిలోకి తీసుకుని చూశాను. నీలం కన్ను మూస్తోంది, తెరుస్తోంది. పరాయి కన్ను కాకపోతే మరేమిటది? పురిటిబిడ్డల్లాంటి పెనాల మధ్యకి దాన్ని ఎలా తీసుకెళ్లను? అలాగని అది ఒక్కటే కారణం కాదు. ఆ కన్ను నా గదిలో పొగ చూసి వెళ్లి ఎరుపని చెప్పేస్తుందని నాకు భయం. రెండు కారణాలూ కలిసి వచ్చాయి, నాకు సుఖంగానే తోచింది. తలుపు బయట మేకుకి దాన్ని తగిలించి, లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాను. అది మునగచెట్టు నీడలో రోజంతా నాకంటే హాయిగా గాలి పీల్చుకుంది.

సాయంత్రం హరికిరణ్ వచ్చి మిషన్‌ని కంప్యూటర్‌కి తగిలించాడు. చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"అమ్మా, ఇన్ని బట్టీలు తిరిగాను, ఇంత మంచి గాలి ఎక్కడా లేదు. నేనుండే హాస్టల్ గదిలో కూడా ఇలా ఉండదు!"

దేవిశ్రీ నన్ను వాటేసుకుంది. "గ్రీన్ ఆ జాయేగా, మా!" అని గెంతింది. అచ్చులు కట్టే ఆదిబాబు చేతుల ఇసుక దులుపుకుని చప్పట్లు కొట్టాడు. ఆదిబాబు మా ఆయన దగ్గర మొదటి నుంచీ ఉన్న మనిషి. ఇంకో రోజు కూడా కొలవాలనీ, రేపు కూడా ఇలాగే పెట్టుకోమనీ, ఎల్లుండి రైలెక్కే ముందు వచ్చి తీసుకుంటాననీ చెప్పి హరికిరణ్ వెళ్లిపోయాడు. రెండో రోజు కూడా ఇలాగే వస్తే ఇక ఆకుపచ్చేనట.

అందరూ నవ్వుతున్నారు, మా ఆయన ఒక్కడూ నవ్వలేదు. వయసంతా బట్టీ ముందు గడిపిన మనిషి. నూనె మండితే గాలి ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

దీపాలు పెట్టే వేళకి మంచం మీద కూర్చుని నన్ను పిలిచాడు. ఆ మిషన్ ఆయన చేతిలో ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తరవాత నా చీర కొంగు పట్టుకుని లాగి దాన్నీ వాసన చూశాడు.

"ఏటి బావా ఈ సరసం? గుంట సూత్తాది!" అని దేవిశ్రీ ఉన్న వైపు చూసి కసిరాను.

"మిషన్‌కి పొగ వాసన నేదు. నీ సీరకి ఉన్నాది. రోజంతా ఇద్దరూ ఒక్క గదిలోనే ఉన్నారు కదేటే?"

దొరికిపోయాను. దొరికిపోతే నాకు మామూలు కంటే ఎక్కువ కోపం వస్తుంది.

"బయట మేక్కి తగిలించినాను. అయితే ఏటి? పరాయి కన్ను పడకూడదని సెప్పినాది మీ అమ్మ కాదేటి? దానికి కన్నున్నాది! నీలం కన్ను! మిటకరించి సూత్తాది! దాన్ని తీసుకెల్లి పెనాల మజ్జిన..."

ఆ మాట పూర్తి కాలేదు. దగ్గు వచ్చేసింది. కుళాయి దాకా వెళ్లే వ్యవధి కూడా ఇవ్వలేదు. అక్కడే గోడ పట్టుకుని వంగిపోయాను. మా ఆయన మంచం మీంచి లేచి, అది అయిపోయేదాకా చూశాడు.

"ఎన్నాల్నించి?"

"ఎన్నాల్నించేటి? ఇప్పుడే. పొలమారింది."

"కస్తూరీ," అన్నాడు.

మా ఆయన నన్ను పేరు పెట్టి పిలవడు. ఒలే అంటాడు, ఏటే అంటాడు, కోపం వస్తే దేవిశ్రీ వాళ్లమ్మా అంటాడు. ఆ పేరు ఆ నోట్లోంచి వినేసరికి నా పట్టుదల అంతా నీరుకారిపోయింది. చలికాలం దగ్గు, కుళాయి చప్పుడు, అగ్రికో డాక్టరు, అన్నీ చెప్పేశాను.

"నాను లేత్తే ఆ పీట మీద గుంట కూకుంటాది. అది నావల్ల కాదు బావా. నన్ను సేసుకోనీ," అన్నాను.

ఆయన లేచాడు. అన్నం తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, అటు తిరిగి పడుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంత గుండె విప్పి చెప్పుకుంటే ఒక్క మాటైనా ఉండదా మనిషికి?

పొద్దున్న లేచి చూస్తే ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని నా గది గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. బట్టీ పని ఆదిబాబుకి అప్పజెప్పాడట. చేతిలో మిషన్ ఉంది.

"ఏటి ఇది? ఎల్లు, నీ బట్టీ కాడికి ఎల్లు," అన్నాను. "ఇది ఆడోల్ల గది. మీ అమ్మ..."

"మా అమ్మకి నాను సెప్పుకుంటాను. తప్పుకో."

తప్పుకున్నాను. ఇంకేం చేస్తాను? ఆయన గడప దాటి లోపలికి వచ్చి, నల్లబడిన గోడలు చూశాడు, నల్లబడిన పైకప్పు రేకులు చూశాడు, ఇటుకలతో మూసేసిన కిటికీ మీద చేయి పెట్టి చూశాడు. తరవాత మిషన్‌ని నా భుజం దగ్గర కొంగుకి తగిలించడం మొదలెట్టాడు. ఇనుము కాలి కాలి మొద్దుబారిన వేళ్లు. క్లిప్పు ఒక పట్టాన పడదే!

"పెళ్లినాడు పుస్తి కట్టడానికి కూడా ఇంతసేపు పట్టనేదు నీకు," అన్నాను.

"అప్పుడు సేతులు మెత్తగుండేవి," అన్నాడు.

నేను కుంపట్లు అంటించి, తలుపు వేసి గడియ పెట్టాను. ఆయన తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చున్నాడు. మొదటి పెనం మీద నూనె రాయగానే నీలంగా పొగ లేచింది. పక్క పెనం, ఆ పక్క పెనం. కాసేపటికి ఆయన మొహం నాకు సరిగా కనపడలేదు. కళ్లు తుడుచుకోవడం మాత్రం తెలుస్తోంది.

"ఈ పొగ ఎప్పుడాగుద్ది?"

"ఈ పెనానికి ఆగేసరికి ఆ పెనానికి లేత్తాది."

"మరి నువ్వు బైటికి ఎప్పుడెల్తావు?"

"మద్దేనం అన్నానికి."

ఆయన దగ్గడం మొదలెట్టాడు. వెళ్లమన్నాను, వెళ్లలేదు. బతిమాలాను, తిట్టాను. నీకు బట్టీ ఉంది, మనుషులు ఎదురు చూస్తున్నారు, ఇక్కడేం పని అన్నాను. మిషన్‌ని తీసి బయట పెడతానేమోనని కాపలా కూర్చున్నాడని నాకు తెలుసు. పొగలోంచి ఆయన గొంతు వినిపించింది.

"బట్టీకి పొగగొట్టం కట్టినాను," అన్నాడు. దగ్గి, మళ్లీ అన్నాడు. "ఇనుముకి కట్టినాను. నీకు కట్టనేదు."

చేతిలో ఉల్లిపాయ చెక్క ఉంది కదా, కళ్లలో నీళ్లకి దాని మీద నెపం పెట్టి పని చేసుకున్నాను. ఆ పొగలో అలా ఇద్దరం కూర్చుని ఉంటే, ఇన్నేళ్లుగా ఆ గదిలో నేనెంత ఒంటరిగా ఉన్నానో అప్పుడు తెలిసింది. తెలిసి బాధ కూడా వేసింది.

మధ్యాహ్నం బయటికి వచ్చాక, ఆయన కన్ను పడిన పెనాలు పాడైపోయి ఉంటాయనే బెంగతో అందులో ఒకదాన్ని పొయ్యి మీద పెట్టి అట్టు పోశాను. అట్లకాడ ఆనించీ ఆనించగానే చక్కగా లేచి వచ్చింది. అంచులు ఎర్రగా, నడుమ మెత్తగా, చూడముచ్చటగా ఉంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అయితే ఇన్నాళ్లూ ఆ తలుపు ఎందుకు వేసుకున్నట్టు?

మా ఆయన ఆ అట్టు తుంచి నోట్లో పెట్టుకుని నమిలాడు.

"మా అమ్మ అబద్దం సెప్పనేదే," అన్నాడు. "పరాయి కన్ను పడకూడదంది. నాను పరాయోణ్ణేటి?"

మర్నాడు పొద్దున్నే హరికిరణ్ వచ్చాడు, భుజాన సంచితో, రైలుకి వెళ్లే తొందరలో. మిషన్ తగిలించి చూసి, మళ్లీ తీసి తగిలించాడు. దేవిశ్రీ అతని వెనక నిలబడి తొంగి చూసి, "యే క్యా హై?" అంది. నేను చూడక్కర్లేదు. కంప్యూటర్‌లో పడిన ఎరుపు గీత ఆ అబ్బాయి మొహంలోనే కనపడుతోంది.

"సర్, మొన్నటిదానికీ నిన్నటిదానికీ పొంతనే లేదు," అన్నాడు. "ఇంత తేడా ఎప్పుడూ చూడలేదు. మిషన్ పాడైందేమో అనుకుందామంటే అదీ బాగానే ఉంది. ఈ రెండింట్లో ఏది మీ గది గాలి? మీరే చెప్పండి."

ఆదిబాబు పనాపి వచ్చి నిలబడ్డాడు, మిగిలినవాళ్లు అతని వెనక నిలబడ్డారు. నేను మా ఆయన వైపు చూశాను. కళ్లతోనే చెప్పాను, నోరు మెదపకు, మొన్నటిది అను, ఒక్క మాట, పండగ పని చేతికొస్తుంది, నా సంగతి తరవాత చూసుకుందాం. నా చూపు ఆయనకి అర్థమైంది. అర్థమయ్యే చెప్పాడు.

"మొన్నటిది తలుపు బైట గాలి బాబూ. మా ఆడది తలుపు లోపల ఉంటాది."

"నీకేటైనా పిచ్చెక్కిందా!" అని నేను అరిచాను. "ఈల్లందరి నోటికాడ కూడు..."

"ఒలే, ఆగు."

హరికిరణ్ నా వైపు చూశాడు. అంతా అర్థమైనట్టుంది, కుర్రాడి గొంతు మెత్తబడింది. ఎరుపంటే తీసేయడం కాదన్నాడు. కంపెనీ ఇంజనీరు వచ్చి ఆ గదికి గాలి, పొగగొట్టం ఎలా పెట్టాలో చూస్తాడనీ, ఖర్చులో సగం కంపెనీదేననీ, బాగయ్యాక మళ్లీ కొలుస్తారనీ చెప్పాడు. "కానీ ధన్‌తేరస్ ఆర్డరు మాత్రం..." అని ఆగిపోయాడు.

"ఎల్లిపోద్ది. తెలుసు. రాసుకో," అన్నాడు మా ఆయన. తరవాత ఆదిబాబు వైపు తిరిగాడు. "ధన్‌తేరస్ వచ్చే ఏడు కూడా వత్తాది, ఆదీ. ఈ ఏటికి సాక్చీలోన, టాటానగర్లోన సామాన్ల కొట్లకి పెనాలు పోత్తాం. తక్కువే వత్తాది. అందరం కలిసి సరిపెట్టుకుందాం. నానే ఎల్లి అడుగుతాను."

ఆదిబాబు కాసేపు నేల చూశాడు. అతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు. వెనక్కి తిరిగి వెళ్లిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. హరికిరణ్ కంప్యూటర్ మూసి, సంచిలోంచి మంచి రకం మాస్కులు తీసి దేవిశ్రీకిచ్చి, ఇంజనీరు వచ్చేదాకా ఇవి లేకుండా అమ్మని ఆ గదిలోకి వెళ్లనివ్వద్దని చెప్పి, ఆటో ఎక్కాడు.

దేవిశ్రీ ఆ మాస్కులు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నాకెందుకు సెప్పనేదే అమ్మా?" అంది.

తెలుగులో అడిగింది, అదీ నా తెలుగులో. దాన్ని దగ్గరికి తీసుకుని, ఏదో ఒకటి అబద్ధం చెబుదామనుకున్నాను. ఏ అబద్ధమూ తట్టలేదు. "నువ్వు ఆ పీట మీద కూకుంటావని భయమే," అన్నాను. అది నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇంతలో గది పైన ధడేల్‌మని చప్పుడైంది. ఇద్దరం పరిగెత్తుకెళ్లాం. ఆదిబాబు వెళ్లింది నిచ్చెన కోసమట! నిచ్చెన గోడకి ఆనించి కింద పట్టుకుని నిలబడ్డాడు, పైన మా ఆయన కూర్చుని రేకుల మేకులు పీకుతున్నాడు. ఆ వయసులో, పంచె ఎగ్గట్టి, రేకు మీద!

"ఇంజనీరు వత్తాడని సెప్పినారు కదా! అంతదాకా ఆగలేవేటి?" అని కింద నుంచి అరిచాను.

"వత్తే వత్తాడు. నాను ఆగను."

కుంపట్లకి సరిగ్గా పైనున్న రేకు ఊడింది. దాన్ని పక్కకి నెట్టాడు. నేను గదిలోకి వెళ్లి, నా పీట దగ్గర నిలబడి పైకి చూశాను. పైన బోలెడంత ఆకాశం, దానికి అడ్డంగా మసి కొట్టుకుపోయిన మా ఆయన మొహం. ఎండ నా పాదాల మీద పడింది. ఆ గదిలో నా పాదాలు నాకు అంత స్పష్టంగా ఎప్పుడూ కనపడలేదు.

"దిగు బావా. పడితే నడుం ఇరుగుద్ది. నిన్ను మొయ్యడం నా వల్ల కాదు. దిగు!"

"ముందు నువ్వు ఊపిరి తియ్," అన్నాడు. "కడుపునిండా తియ్. అప్పుడు దిగుతాను."

"నీ మొండితనం మండా!" అన్నాను. తీశాను. సగంలోనే దగ్గు అడ్డుపడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, అక్కడే నిలబడి అందరూ వింటుండగా దగ్గాను. తేరుకుని పైకి చూస్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. దిగలేదు. మళ్లీ తీశాను.